గాలి వీస్తుంటే స్పీకర్ శబ్దం ఎటు, ఎంత వెళ్తుంది? సొంతంగా లెక్క కట్టడం ఎలా

సాయంత్రం పూట చెన్నై మెరీనా బీచ్‌లో కామరాజర్ సాలై రోడ్డు పక్కన మైకు పెట్టారనుకోండి. సముద్రం మీంచి గాలి కొడుతూ ఉంటుంది. రోడ్డు దాటి పడమటి వైపు నిలబడ్డవాళ్ళకి పాట చక్కగా వినిపిస్తుంది. నీళ్ళ అంచున ఉన్నవాళ్ళకి ముక్కలు ముక్కలుగా అందుతుంది. గాలి శబ్దాన్ని మోసుకుపోతోందని అందరం అనేస్తాం. తీరా లెక్క వేస్తే ఆ మోసుకుపోవడం అర డెసిబెల్ కూడా ఉండదు, పైగా అది ఎదురుగాలి వైపే కాస్త ఎక్కువ! మరి నీళ్ళ అంచున పాట ఏమైనట్టు? ఈ లెక్కను మీ అంతట మీరు కట్టుకునేలా కింద దారి చూపిస్తున్నాను. ఇంజినీరింగ్ రెండో ఏడాది గణితం, ఒక ఎక్సెల్ షీటు చాలు. పైతాన్ వస్తే పని ఇంకా తేలిక.

ముందు ఎవరు కదులుతున్నారో తేల్చుకోండి

మూడు ఉన్నాయి: స్పీకర్, వినేవాడు, గాలి. కాగితం మీద ఈ మూడింటికీ వేగాలు రాసుకోకుండా సమీకరణం జోలికి వెళ్ళొద్దు. స్పీకరూ వినేవాడూ కదలకుండా ఉండి, ఒకే తీరుగా వీచే గాలి మాత్రమే కదులుతుంటే ఫ్రీక్వెన్సీ ఏమాత్రం మారదు. సెకనుకు 500 అలలు బయల్దేరితే 500 అలలే చేరతాయి, దారిలో ఒకటి ఎక్కువా తక్కువా కావు. గాలి పేరు వినగానే, మూలమో వినేవాడో కదిలితే శ్రుతి మారుతుందని చెప్పే డాప్లర్ సూత్రం రాసేసే అలవాటు చాలామందికి ఉంది, అది ఇక్కడ చెల్లదు.

డాప్లర్ కావాలంటే చెన్నై–గూడూరు లైను పక్కన నిలబడండి. గంటకు 108 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్లు. హారన్ కొడుతూ వస్తున్న రైలు మిమ్మల్ని దాటగానే శ్రుతి 1.19 వంతున పడిపోతుంది. సాధారణ గాంధారం నుంచి షడ్జానికి జారినంత తేడా అది, మార్గళి కచేరీలకు వెళ్ళే చెవికి వెంటనే పట్టుబడుతుంది. అక్కడ మూలం కదిలింది కాబట్టి మారింది. మన బీచ్ లెక్కలో మూలం కదలదు.

రెండు అంకెలు తీయండి

మొదటిది మాక్ సంఖ్య, అంటే గాలి వేగాన్ని ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేది. ధ్వని వేగానికి 20.05ను కెల్విన్‌లలోని ఉష్ణోగ్రత వర్గమూలంతో గుణించండి. 30 డిగ్రీల దగ్గర సెకనుకు 349 మీటర్లు వస్తుంది. చెన్నై ఉక్కపోత దీనికి ఒకటి రెండు మీటర్లు కలుపుతుంది, ప్రస్తుతానికి వదిలేయండి. గాలి సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు అనుకుంటే మాక్ 0.0143.

రెండోది స్పీకర్ సైజుకీ అల పొడవుకీ ఉన్న పొంతన. 2π ను అల పొడవుతో భాగించి, స్పీకర్ కోను వ్యాసార్థంతో గుణించండి. పన్నెండంగుళాల స్పీకర్‌లో కదిలే కోను వ్యాసార్థం సుమారు 0.13 మీటర్లు. 500 హెర్ట్జ్ దగ్గర ఈ అంకె 1.17, 2000 దగ్గర 4.68. ఒకటికి బాగా తక్కువైతే స్పీకర్‌ను ఒక బిందువు అనుకోవచ్చు. పెరిగేకొద్దీ శబ్దం ముందుకే తోసుకుంటుంది, అప్పుడు బిందువు లెక్క సరిపోదు.

తరంగ సమీకరణంలో ఒక్క మార్పు

మామూలు తరంగ సమీకరణంలో కాలంతో మార్పు రెండుసార్లు వస్తుంది. ఆ రెండు చోట్లా ఇది పెట్టండి:

గాలితో కదిలే మార్పు = కాలంతో మార్పు + గాలి వేగం × గాలి దిశలో దూరంతో మార్పు

మార్పు ఇంతే. దూరం వైపు పదాలను ముట్టుకోవద్దు. గాలి అన్నిచోట్లా ఒకే వేగంతో, ఒకే దిశలో వీస్తుందన్న షరతు మీదే ఈ సమీకరణం నిలబడుతుంది. ఆ షరతును గుర్తుంచుకోండి, తర్వాత దాన్ని మనమే తీసేస్తాం.

దీనికి బిందు మూలం జవాబు ముందే తెలుసు. మూలం నుంచి గాలివాటున ఉన్న దూరాన్ని 'వాటు' అందాం (ఎదురుగాలి వైపు అయితే మైనస్), గాలికి అడ్డంగా ఉన్న దూరాన్ని 'అడ్డు' అందాం.

దిద్దిన దూరం = √( వాటు² + (1 − మాక్²) × అడ్డు² )

ప్రయాణ కాలం = (దిద్దిన దూరం − మాక్ × వాటు) ÷ (ధ్వని వేగం × (1 − మాక్²))

పొటెన్షియల్ బలం = 1 ÷ (4π × దిద్దిన దూరం)

సూత్రాన్ని గుడ్డిగా నమ్మకుండా ఒకసారి పరీక్షించండి. అడ్డు సున్నా, వాటు 200 మీటర్లు పెడితే కాలం 0.565 సెకన్లు వస్తుంది, అంటే అల 349 + 5 వేగంతో వెళ్ళింది. వాటు మైనస్ 200 పెడితే 0.581, అంటే 349 − 5. రెంటికీ తేడా 16 మిల్లీసెకన్లు. ఇవి రాకపోతే మైనస్ గుర్తు ఎక్కడో తిరగబడిందన్నమాట.

పీడనం దగ్గర జాగ్రత్త

పై మూడు వరుసలూ పొటెన్షియల్‌కి, అంటే దూరంతో మార్పు తీస్తే గాలి కదలిక వేగాన్నిచ్చే రాశికి. మన చెవికి తెలిసేది పీడనం. పొటెన్షియల్‌కి 'గాలితో కదిలే మార్పు' తీసి, గాలి సాంద్రతతో గుణించి, మైనస్ పెడితే పీడనం వస్తుంది. చాలామంది ఇక్కడ ఉత్త కాలంతో మార్పు తీసి ఊరుకుంటారు. దాంతో రెండు వైపులా ఒకే బలం వచ్చి, గాలి ప్రభావం ఏమీ లేదని తేల్చేస్తారు.

సరిగ్గా తీస్తే, దూరాన ఉన్న శ్రోతకి గాలివాటున బలం 1 ÷ (1 + మాక్) వంతు, ఎదురుగాలి వైపు 1 ÷ (1 − మాక్) వంతు వస్తుంది. అవును, ఎదురుగాలి వైపే ఎక్కువ. గాలికి ఎదురీదే అలలు దగ్గరదగ్గరగా నొక్కుకుపోతాయి, అందుకే. మన బీచ్ గాలికి ఆ తేడా 0.25 డెసిబెల్. ఏ చెవీ కనిపెట్టలేనంత తక్కువ. మాక్ 0.3 దగ్గర మాత్రం ఇదే తేడా 5.4 డెసిబెల్స్, విండ్ టన్నెల్ కొలతల్లో దాన్ని వదిలేస్తే ఫలితం మొత్తం తప్పుతుంది.

బిందువు నుంచి స్పీకర్‌కి

గోడకు సమంగా బిగించిన స్పీకర్, గోడ వెంబడి జారిపోయే గాలి. దీన్ని కోను వైశాల్యం మీద చిన్న చిన్న బిందు మూలాల మొత్తంగా చూడాలి. గోడ వల్ల ప్రతి మూలానికీ రెట్టింపు. ఇక్కడిదాకా సులువు.

చిక్కు కోను కదలికను సమీకరణంలోకి ఎలా దించాలన్న దగ్గర వస్తుంది. గాలి లేకపోతే కోను వేగమే దాన్ని తాకే గాలి పొర వేగం. గాలి జారిపోతుంటే ఆ పొర ముందుకి కదులుతూనే కోను ఎత్తుపల్లాల మీంచి పైకీ కిందికీ పోవాలి. కాబట్టి గోడకు లంబంగా గాలి వేగం అంటే, కోను స్థానభ్రంశానికి 'గాలితో కదిలే మార్పు'. కోను మొత్తం ఒకేలా కదులుతుంది కాబట్టి మధ్యలో రెండో పదం సున్నా అనిపిస్తుంది. అంచు దగ్గర మాత్రం స్థానభ్రంశం ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది, అక్కడ ఆ పదం కత్తిలా లేస్తుంది. కంప్యూటర్ గ్రిడ్‌లో దాన్ని పట్టుకోవడం నరకం. పట్టుకోకపోతే ఒక పూర్తి మాక్ గుణకం గల్లంతవుతుంది.

దీనికి నాకు నచ్చిన ఉపాయం డెరివేటివ్‌ని చివరికి నెట్టేయడం. ముందు స్థానభ్రంశంతోనే సమాకలనం చేయండి, అంటే కోను మీద ప్రతి చిన్న ముక్కకీ పొటెన్షియల్ బలం × ఫేజ్ (ప్రయాణ కాలం వల్ల అల వెనకబడినంత) × ముక్క వైశాల్యం కూడండి. ఆ మొత్తాన్ని వినేచోటా, దానికి గాలివాటున కొంచెం అటూ ఇటూ కూడా లెక్క కట్టండి. తర్వాత 'గాలితో కదిలే మార్పు'ను ఆ మొత్తం మీద రెండుసార్లు తీయండి: ఒకటి కోను అంచు షరతు కోసం, ఇంకొకటి పీడనం కోసం. సాంద్రతతో, గోడ తాలూకు రెండుతో గుణించండి. అంచు పదం దానంతటదే లెక్కలోకి వచ్చేస్తుంది. అటూ ఇటూ జరిగే దూరం అల పొడవులో యాభయ్యో వంతు ఉంటే చాలు.

గాలితో కదిలే మార్పు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఎదురుగాలికీ గాలివాటుకీ తేడా ఇప్పుడు రెట్టింపు, బీచ్ గాలికి అర డెసిబెల్, మాక్ 0.3 దగ్గర 10.8. అదే స్పీకర్‌ను బిందువనుకున్నవాడికి, పిస్టన్ (మొత్తం ఒకేలా కదిలే పళ్ళెం) అనుకున్నవాడికి వేర్వేరు జవాబులు వస్తే ఇద్దరూ తప్పు కానక్కర్లేదు. మూలాన్ని ఎలా రాశారన్నది ముందు అడగండి.

కోనును ఎన్ని ముక్కలు చేయాలి? అల పొడవుకి కనీసం ఎనిమిది ముక్కలు పడేలా చూడండి, అయితే కొలవాల్సింది ఎదురుగాలి వైపు కుదించుకున్న అల పొడవు. మాక్ 0.3 దగ్గర అది మామూలు పొడవులో 0.7 వంతే.

సరిచూసుకోవడం

గాలి సున్నా చేయండి. 2000 హెర్ట్జ్ దగ్గర నడిరేఖ నుంచి 55 డిగ్రీల పక్కన శబ్దం దాదాపు మాయమవ్వాలి. రాకపోతే గాలి దాకా వెళ్ళకండి, సమాకలనంలోనే తప్పుంది.

తర్వాత బిందు మూలంతో, గాలి పెట్టి, మూలం చోట శ్రోతనూ శ్రోత చోట మూలాన్నీ పెట్టండి. పొటెన్షియల్ మారిపోతుంది. ఇప్పుడు గాలి దిశను కూడా తిప్పేయండి, పాత జవాబు దశాంశాలతో సహా తిరిగి రావాలి. నిశ్చలమైన గాలిలో స్థానాలు మార్చుకుంటే చాలు, వీచే గాలిలో గాలిని కూడా తిప్పాలి. ప్రోగ్రాంలో మైనస్ తప్పులను పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

ఒరగడం, శ్రీపెరంబదూరు ఆటో కంపెనీల్లో సైలెన్సర్ల మీద పనిచేసే మనవాళ్ళకి ఇక్కడిదాకా వచ్చిన సమీకరణమే అసలు సరుకు. గొట్టంలో ముందుకెళ్ళే అలకీ వెనక్కొచ్చే అలకీ తరంగసంఖ్యలు వేరు, ఒకదాన్ని 1 + మాక్‌తో, ఇంకోదాన్ని 1 − మాక్‌తో భాగించాలి. వేడి గ్యాస్‌లో ధ్వని వేగం కూడా మారుతుంది, 400 డిగ్రీల దగ్గర సెకనుకు 520 మీటర్లు. బెంగళూరు ఐఐఎస్సీలో ఎం. ఎల్. ముంజాల్ దశాబ్దాలుగా చేసిన కృషి ఈ దారిలోదే. బీచ్ సంగతి వేరు, అక్కడ ఈ సమీకరణం అర డెసిబెల్ చెప్పి చేతులు దులుపుకుంటుంది.

అసలు దొంగ: ఎత్తుతో మారే గాలి

ఇప్పుడు ఆ షరతు తీసేద్దాం. నేల దగ్గర గాలి నెమ్మది, పైకి పోయేకొద్దీ జోరు. ఎదురుగాలి వైపు వెళ్ళే అల పైభాగం కింది భాగం కన్నా వెనకబడుతుంది, దాంతో అల వెనక్కి వాలి, శబ్దం ఆకాశంలోకి వంగిపోతుంది. గాలివాటున పైభాగం ముందుకు పోయి శబ్దం నేలకు వంగుతుంది. 1857లోనే స్టోక్స్ ఈ కారణం చెప్పాడు. 1870లలో ఆస్బోర్న్ రెనాల్డ్స్ ప్రయోగాలు చేసి, ఎత్తు పెంచితే ఎదురుగాలి వైపు కూడా శబ్దం మళ్ళీ అందుతుందని చూపించాడు.

ముందు గాలి ప్రొఫైల్, అంటే ఎత్తుతో గాలి వేగం ఎలా మారుతుందో, కావాలి. తెరపి నేల మీద, ఎండ మరీ తీవ్రంగా లేనప్పుడు ఇది పనికొస్తుంది:

గాలి వేగం = గుణకం × సహజ లాగరిథం (ఎత్తు ÷ గరుకు)

గరుకు అంటే నేల ఎంత ఎగుడుదిగుడో చెప్పే పొడవు, చదునైన ఇసుకకి 0.001 మీటర్ అనుకోండి. పది మీటర్ల ఎత్తున గాలి 5 అయితే గుణకం 0.543 వస్తుంది. మూడు మీటర్ల దగ్గర గాలి 4.35, ఒకటిన్నర దగ్గర 3.97. ఇంత చిన్న తేడాలే పాటను మింగేస్తాయి.

ఇక ఎక్సెల్. మూడు నిలువు వరుసలు: దూరం, ఎత్తు, కోణం (రేడియన్లలో). ఎదురుగాలి వైపు శబ్ద కిరణం ఒక్కొక్కటీ అర మీటరు అడుగులతో నడుస్తుంది.

కొత్త ఎత్తు = పాత ఎత్తు + 0.5 × కోణం

కొత్త కోణం = పాత కోణం + 0.5 × 0.00156 ÷ ఎత్తు

0.00156 అంటే 0.543ని 349తో భాగిస్తే వచ్చినదే. మొదటి ఎత్తు 3 మీటర్లు, అంటే స్టాండ్ మీద స్పీకర్. మొదటి కోణం మైనస్ 0.103, సుమారు ఆరు డిగ్రీలు కిందికి. వరుసలు కిందికి లాగండి. కిరణం 36 మీటర్ల దగ్గర నేలకు పది సెంటీమీటర్ల దాకా దిగి, నేలను ముట్టకుండానే తిరిగి లేస్తుంది, 57 మీటర్ల దగ్గర నిలబడ్డ మనిషి చెవి ఎత్తుకి, ఒకటిన్నర మీటర్లకి, చేరుతుంది. ఆ తర్వాత పైపైకే. ఇంకాస్త కిందికి వంచి పంపితే నేలకు తగులుతుంది. ఇంకాస్త పైకి పంపితే నేలకు ఇంకా ఎత్తులోనే తిరిగి, చెవి ఎత్తుకి ఇంకా దూరాన చేరుతుంది. కోణం మైనస్ 0.062 దగ్గర ఆ దూరం అన్నిటికన్నా ఎక్కువ, సుమారు 84 మీటర్లు. అంతకన్నా పైకి పంపితే ముందే లేచిపోతుంది. అంటే సుమారు 84 మీటర్లు దాటాక నేల మీద నిలబడ్డవాడికి నేరుగా వచ్చే కిరణమే లేదు, అదే శబ్దపు నీడ. మెరీనా ఇసుక దీనికన్నా చాలా వెడల్పు.

అదే షీటులో మొదటి ఎత్తు 8 మీటర్లు చేసి, చెవి ఎత్తుకి అన్నిటికన్నా దూరాన చేరే కోణం వెతకండి. నీడ అంచు సుమారు 155 మీటర్లకి జరుగుతుంది. ఆంప్లిఫయర్ వాల్యూమ్ రెట్టింపు చేసినా నీడ అంచు అంగుళం కదలదు. ఉగాదికో వినాయక చవితికో మైకు సెట్టు పెట్టేవాళ్ళు స్పీకర్‌ను పైకెత్తేది, గాలివాటున జనాన్ని కూర్చోబెట్టేది అందుకే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు వాడకూడదన్న 2000 నాటి శబ్ద నియమాల దగ్గర మాత్రం ఏ లెక్కా పనికిరాదు.

కొన్ని పాఠాల్లో లాగరిథం బదులు ఎత్తుతో సమంగా పెరిగే గాలిని పెట్టి, నీడ దూరానికి ఒక్క వరుస సూత్రం ఇస్తారు. మీటరుకు 0.1 పెంపుతో అదే 3 మీటర్ల స్పీకర్‌కి 247 మీటర్లు వస్తుంది. దాదాపు మూడింతలు! నేల దగ్గర గాలి ఎంత వేగంగా మారుతుందో ఆ సూత్రానికి తెలియదు. సులువుగా ఉందని దాన్ని వాడొద్దు.

మిట్టమధ్యాహ్నం కాలిన ఇసుక మీద కింది గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. డిగ్రీకి ధ్వని వేగం సెకనుకు 0.6 మీటరు మారుతుంది కాబట్టి అది కూడా శబ్దాన్ని పైకే వంచుతుంది, అన్ని వైపులా. మే నెలలో పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలి ఆలస్యమైన రోజున ప్రొఫైల్ దిశే తిరగబడుతుంది, నీడ రోడ్డు వైపు పడుతుంది.

ఈ లెక్కలో లేనివి

గాలి తనంతట తాను చేసే చప్పుడు దీంట్లో లేదు. దానికి లైట్‌హిల్ 1952లో వేసిన దారి వేరు. స్వేచ్ఛగా దూసుకొచ్చే జెట్ శబ్దశక్తి వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుంది, వేగం రెట్టింపైతే 24 డెసిబెల్స్. చిన్న వస్తువులకి గాలి కొట్టుకునే చోట, 1955లో కర్ల్ చూపినట్టు, ఆరో ఘాతం, అంటే 18. ఏసీ గ్రిల్ హోరుకి స్పీకర్ సమీకరణం వాడకండి.

కొలిచి చూడండి

ఫోన్ మైకు మీద గాలి కొడితే బుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ రికార్డవదు. మందపాటి స్పాంజి తొడుగు వేసి, 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్ చేసేయండి. పాట వద్దు, స్పీకర్‌లో 1000 హెర్ట్జ్ ఒకే స్వరం ముక్కలు వేయండి, ఒక్కొక్కటి అర సెకను, మధ్యలో అర సెకను ఖాళీ. స్పీకర్ నుంచి ఎదురుగాలి వైపు 20, 40, 60, 80, 120 మీటర్ల దగ్గర, చెవి ఎత్తులో, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు రికార్డు చేయండి. గాలి వేగాన్ని కనీసం రెండు ఎత్తుల్లో కొలవండి, గరుకు ఊహించకుండా ఒక్క ఎత్తు కొలతతో గుణకం రాదు. దూరం రెట్టింపైనప్పుడల్లా తగ్గాల్సిన 6 డెసిబెల్స్ తీసేశాక, మిగిలిన తగ్గుదల ఎక్కడ నుంచి పెరుగుతోందో చూడండి. షీటు చెప్పిన చోటుకి కాస్త అటూ ఇటూగా ఉంటే ప్రొఫైల్ బాగా కుదిరినట్టే.

నీడ లోపల కిరణాల లెక్క ప్రకారం నిశ్శబ్దమే ఉండాలి, నిజంలో ఎప్పుడూ ఉండదు. కొంత శబ్దం వంగి లోపలికి పాకుతుంది, సుడిగాలులు ఇంకొంత చెదరగొట్టి లోపలికి నెడతాయి. అందుకే తగ్గుదల సాధారణంగా 20 డెసిబెల్స్ దరిదాపుల్లో ఆగిపోతుంది. మీ ప్రోగ్రాం 50 చూపిస్తే అది సుడులు లేని గాలికి ఇచ్చిన జవాబు అనుకుని, నీడలోని అంకెలకు 20 దగ్గర ఒక అడ్డుకట్ట వేసుకోండి.